‘ఏం కాదులే’ అన్నాను... నాలుగు చప్పుళ్లు వచ్చాయి!

టిక్... టిక్... టిక్...

స్టూడియోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఇంజినీర్ చెయ్యెత్తి పాట ఆపించాడు. ‘‘లోపల గడియారం ఏమైనా ఉందా?’’ అని అడిగాడు. గడియారం లేదు. మా గిటారిస్టు కాళ్ల దగ్గర నేను చేసిచ్చిన ఫ్లాంజర్ పెడల్ ఉంది. ఆకుపచ్చ లైటు వేసుకుని, ఏమీ ఎరగనట్టు.

డబ్బులు తీసుకుని నేను చేసిన మొదటి పెడల్ అది. అడ్వాన్స్ మూడు వేలు. ఇచ్చింది పరాయివాడేం కాదు, నాలుగేళ్లుగా నాతో కలిసి వాయిస్తున్న స్నేహితుడు. పగలు ఆఫీసు, సాయంత్రం ట్యూషన్లు. అలా దాచుకున్న డబ్బుతో స్టూడియో నాలుగు గంటలు బుక్ చేశాడు. నాలుగు పాటలు అనుకున్నాం. ఆ టిక్ టిక్ ఎక్కణ్నుంచి వస్తోందో వెతకడానికే గంట పోయింది. కేబుల్ మార్చాం. గిటార్ మార్చాం. ‘‘నా పెడల్ కాదు మామా, ఆంప్ చూడు’’ అని నేను గట్టిగా వాదించాను కూడా. చివరికి ఇంజినీరే పెడల్ తీసి పక్కన పెట్టాడు. టిక్ ఆగిపోయింది.

మూడు పాటలే అయ్యాయి. మిగిలిపోయిన నాలుగో పాట కోసమే వాడు నాతో ఫ్లాంజర్ చేయించుకున్నాడు.

తిట్టలేదు. ‘‘పర్లేదులే మామా’’ అన్నాడంతే. తిట్టినా బాగుండేది. తర్వాత వారం రోజులు ఫోన్ లేదు. ఆ వారం నేను పెడల్ మూత తీసి, దాని ముందు కూర్చున్నాను.

పెట్టెలో మేస్త్రీ, మేస్త్రీకి ఓనరు

ఫ్లాంజర్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. గిటార్ శబ్దం మీదుగా విమానం వెళ్లినట్టు ‘షూ...’మని ఒక సుడి పైకీ కిందికీ తిరగడం విన్నారా? అదే. 1960ల్లో దీన్ని టేపులతో చేసేవాళ్లు. ఒకే పాటను రెండు టేప్ మెషిన్లలో ఒకేసారి ఆడించి, ఒకదాని చక్రం అంచును వేలితో కాస్త నొక్కేవాళ్లు. ఆ అంచు పేరే ఫ్లాంజ్. ఆ మెషిన్ రవ్వంత వెనకబడుతుంది. రెండు శబ్దాలూ కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కొన్ని బలపడతాయి. ఆలస్యం మారేకొద్దీ ఆ కొట్టేసుకునే చోటు జరుగుతూ పోతుంది. మనకి ‘షూ’ అని వినిపించేది ఆ జరగడమే.

పెడల్‌లో టేపు ఉండదు. దాని బదులు ‘బకెట్ బ్రిగేడ్’ అనే చిప్ ఉంటుంది. 1969లో ఫిలిప్స్ పరిశోధకులు కనిపెట్టారు. నేను వాడింది ఎంఎన్ 3207 రకం. ఇందులో 1024 మెట్లు ఉంటాయి. ఇంటి స్లాబ్ వేసేటప్పుడు చూడండి, కూలీలు వరుసగా నిలబడి కాంక్రీట్ తట్టలు ఒకరి చేతిలోంచి ఒకరికి అందించుకుంటారు. చిప్‌లో జరిగేదీ అదే. గిటార్ శబ్దాన్ని చిన్న చిన్న విద్యుత్ తట్టలుగా చేసి ఒక్కో మెట్టూ దాటిస్తారు. చివరికి చేరేసరికి కొన్ని మిల్లీ సెకన్లు ఆలస్యం.

తట్ట అందించమని కేక వేసే మేస్త్రీ ఒకడు ఉండాలి కదా! వాడే క్లాక్. సెకనుకి వేల సార్లు, లక్షల సార్లు కేక వేస్తాడు. ఆ మేస్త్రీని ‘కాస్త తొందరగా... ఇప్పుడు నెమ్మదిగా’ అని తిప్పుతుండే ఓనరు ఇంకొకడు. వాడి పేరు ఎల్ఎఫ్ఓ. పెడల్ మీద ‘రేట్’ నాబ్ తిప్పితే ఓనరు మూడ్ మారుతుందన్నమాట.

ఇప్పుడు సమస్య అర్థమైందా? గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. అరచేయంత పెట్టెలో దాని పక్కనే ఇద్దరు డప్పు కొడుతుంటారు. పసిపాప నిద్రపోతున్న గదిలో డప్పులు పెట్టినట్టు. అందుకే డిస్టార్షన్ పెడల్ ఎలా కట్టినా నడిచిపోతుంది కానీ, ఫ్లాంజర్ దగ్గర మన తప్పులన్నీ బయటపడతాయి.

ముందు ఫ్యాన్ ఆపండి

మరి ఇంట్లో నాకెందుకు వినపడలేదు? సిగ్గుపడాల్సిన జవాబే. నెత్తి మీద సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. పైగా నేను ఎప్పుడూ వాయిస్తూనే టెస్ట్ చేశాను. చప్పుడు దొరికేది వాయిస్తున్నప్పుడు కాదు, ఆపినప్పుడు.

ఈసారి ఫ్యాన్ ఆపాను. గిటార్ వాల్యూమ్ సున్నా పెట్టి, పెడల్ ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. పెడల్ ఆఫ్ చేస్తే నిశ్శబ్దం, ఆన్ చేస్తే సంత. ఇక ఆంప్ మీద నెపం వేయడానికి లేదు. విన్నవి విన్నట్టు నోట్‌బుక్‌లో రాసుకున్నాను: మ్మ్... టిక్... కీ... ష్‌ష్...

అప్పటిదాకా ‘నాయిస్ వస్తోంది’ అనుకుంటున్నాను. తీరా చూస్తే ఒకటి కాదు, నాలుగు. నాలుగూ వేర్వేరు చోట్ల నుంచి. ఒక నియమం పెట్టుకున్నాను: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక మళ్లీ వినాలి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో తెలీదు.

1. మ్మ్... (ఎలిమినేటర్ మహిమ)

మొదటి పరీక్ష సులువు. అడాప్టర్ పీకేసి 9 వోల్టుల బ్యాటరీ తగిలించాను. హమ్ సగానికి పైగా పడిపోయింది. దొంగ దొరికాడు.

నేను వాడింది ఇంట్లో పడి ఉన్న పాత ఎలిమినేటర్. మీద 9 వోల్టులని రాసుంది. ‘ఏం కాదులే’ అని పెట్టేశాను. మల్టీమీటర్ పెడితే, లోడ్ లేనప్పుడు 13 వోల్టులు చూపించింది! ఇలాంటి పాత రకాల్లో రెగ్యులేటర్ ఉండదు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాన్ని డయోడ్లతో డీసీగా మార్చాక 100 హెర్ట్జ్ అల ఇంకా మిగిలే ఉంటుంది. మ్మ్... అంటున్నది అదే. ఫ్లాంజర్ చిప్‌కి నేను 5 వోల్టుల రెగ్యులేటర్ విడిగా పెట్టాను కాబట్టి అది బతికింది. లేకపోతే 13 వోల్టులకి కాలిపోయేది. కానీ మిగతా ఆప్-ఆంప్‌లకి ఆ అల నేరుగా వెళ్తోంది.

మందు: రెగ్యులేటెడ్ పెడల్ అడాప్టర్. ఇక్కడ ఒక జాగ్రత్త. ‘రౌటర్ అడాప్టర్ కూడా 9 వోల్టులే కదా’ అని గుచ్చకండి. రౌటర్లకి సాధారణంగా పిన్ను మధ్యలో ప్లస్ ఉంటుంది. ఎక్కువ పెడల్స్‌కి మధ్యలో మైనస్. తిరగబడితే చిప్‌లు పోతాయి.

మరి మిగిలిన సగం హమ్? పెడల్ దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే పెరుగుతోంది. అంటే గాల్లోంచి పట్టుకుంటోంది. నా పెడల్ పెట్టె ప్లాస్టిక్‌ది. అక్కడ కూడా ‘ఏం కాదులే’నే. గోడల్లోని కరెంటు వైర్ల నుంచి వచ్చేదాన్ని ప్లాస్టిక్ ఆపలేదు. లోహపు పెట్టె, సర్క్యూట్ గ్రౌండ్‌కి కలిపితే, ఆపుతుంది. అల్యూమినియం పెట్టె వచ్చేదాకా ఆగలేక అమ్మ దగ్గర స్టీలు డబ్బా ఒకటి అడిగాను. ‘‘పోపుల డబ్బా తప్ప ఏదైనా తీసుకో’’ అంది. వెల్డింగ్ షాపులో రంధ్రాలు వేయించి, లోపల ఇన్సులేషన్ టేపు అంటించి, బోర్డు బిగించాను. హమ్ దాదాపు పోయింది.

ఒక చిట్కా: లోహపు పెట్టెకి పవర్ సాకెట్ ప్లాస్టిక్ బాడీది వాడండి. మధ్యలో మైనస్ కాబట్టి బయటి అంచు ప్లస్ అవుతుంది. లోహం సాకెట్ అయితే ఆ ప్లస్ నేరుగా గ్రౌండ్ అయిన పెట్టెకి తగిలి షార్ట్.

2. టిక్... (ఓనరు అడుగుల చప్పుడు)

అసలు దోషి. వాడి పాటని మింగింది ఇదే. బ్యాటరీ మీద కూడా వస్తోంది, స్టీలు డబ్బాలో కూడా వస్తోంది. రేట్ నాబ్ తిప్పాను. టిక్ వేగం దాంతో పాటే మారింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఎల్ఎఫ్ఓ.

ఎల్ఎఫ్ఓ లోపల రెండు ఆప్-ఆంప్‌లు ఉంటాయి. ఒకటి నెమ్మదిగా ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. రెండోది ఠక్కున అటు, ఠక్కున ఇటు దూకుతుంది. ఆ దూకే క్షణంలో కరెంటును గబుక్కున లాగుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఒకే పైపు మీద అందరూ ఉన్నప్పుడు, కింది ఇంటివాళ్లు మోటార్ వేయగానే మన కుళాయి సన్నబడుతుంది కదా! నా బోర్డు మీద జరిగింది అచ్చం అదే. వైరు ఆదా అవుతుందని గ్రౌండ్‌ని ఒకదాని నుంచి ఇంకొకదానికి దండలా గుచ్చుకుంటూ పోయాను. ఎల్ఎఫ్ఓ కరెంటు తిరిగి వెళ్లే దారిలోనే గిటార్ సిగ్నల్ గ్రౌండ్ కూడా ఉంది. అది దూకినప్పుడల్లా ఇది ఉలిక్కిపడుతోంది.

మూడు పనులు చేశాను, ఒక్కొక్కటిగా.

మొదటిది, ఎల్ఎఫ్ఓలో ఉన్న టీఎల్ 072 తీసి టీఎల్ 062 పెట్టాను. కాళ్ల వరుస రెండింటికీ ఒకటే. కానీ 072 ఒక్కో ఆంప్‌కి సుమారు 1.4 మిల్లీ ఆంపియర్లు తాగితే, 062 సుమారు 0.2తో సరిపెట్టుకుంటుంది. టిక్ తగ్గింది, పోలేదు.

రెండోది, ఎల్ఎఫ్ఓకి వెళ్లే ప్లస్ వైరులో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఇంటికో ఓవర్‌హెడ్ ట్యాంక్ కట్టుకున్నట్టు. గబుక్కున కావాల్సింది ట్యాంకులోంచి తీసుకుంటుంది, మెయిన్ పైపు కదలదు. ఇంకా తగ్గింది.

మూడోది, దండ తెంపేశాను. ఎల్ఎఫ్ఓ గ్రౌండ్, క్లాక్ గ్రౌండ్, గిటార్ గ్రౌండ్... మూడింటికీ వేర్వేరు వైర్లు లాగి, పవర్ వచ్చే చోట ఒకే బిందువు దగ్గర కలిపాను. రేట్ నాబ్ వైరు గిటార్ ఇన్‌పుట్ వైరును రాసుకుంటూ వెళ్తోంది, దాన్నీ దూరం జరిపాను.

ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. మళ్లీ విన్నాను. లేదు. రాత్రి ఒంటిగంటకి ఒక్కణ్నే నవ్వుకున్నాను.

3. కీ... (చెల్లికి మాత్రమే వినపడే చప్పుడు)

సుడి అడుగుకు దిగిన ప్రతిసారీ సన్నగా ‘కీ...’ మని వచ్చి పోతోంది. అమ్మకి హెడ్‌ఫోన్స్ ఇస్తే ‘‘నాకేం వినపడట్లేదురా’’ అంది. ఇంటర్ చదివే చెల్లి మాత్రం చెవులు మూసుకుంది. వయసు పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలు వినపడటం తగ్గుతుంది. అంటే ఇది బాగా పైనున్న శబ్దం. ఫోన్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ యాప్ ఒకటి వేసి, హెడ్‌ఫోన్ దగ్గర పెట్టాను. అడుగుకు దిగినప్పుడల్లా 14 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు లేస్తోంది. మేస్త్రీ కేక!

క్లాక్ ఎప్పుడూ మన వినికిడికి పైనే ఉండాలి. మనిషి చెవి హద్దు 20 కిలోహెర్ట్జ్. నా సర్క్యూట్ బొమ్మ ప్రకారం క్లాక్ 35 కిలోహెర్ట్జ్ కంటే కిందికి దిగకూడదు. మరి 14కి ఎందుకు దిగింది? బొమ్మలో క్లాక్ వేగాన్ని నిర్ణయించే కెపాసిటర్ 47 పికోఫారడ్. ఇంట్లో అది లేదు. మళ్లీ కోఠి గుజరాతీ గల్లీ దాకా ఎవరెళ్తారు? ఉన్న ప్యాకెట్‌లోంచి ‘121’ అని రాసున్నది పెట్టేశాను. ఏం కాదులే!

ఈ అంకెలు కొత్తవాళ్లని తికమక పెడతాయి. మొదటి రెండంకెలు విలువ, మూడోది పక్కన పెట్టాల్సిన సున్నాలు. 121 అంటే 120 పికోఫారడ్. 470 అని ఉంటే 470 కాదు, 47. నేను పెట్టింది రెండున్నర రెట్లు పెద్దది, క్లాక్ అంతే నెమ్మదించింది.

దీంతో ఇంకో నష్టం. ఆలస్యం ఎంతో తెలియాలంటే మెట్ల సంఖ్యని క్లాక్‌కి రెండింతలతో భాగించాలి. 35 కిలోహెర్ట్జ్‌కి 14.6 మిల్లీ సెకన్లు. 14 కిలోహెర్ట్జ్‌కి 36 దాటుతుంది. అంతైతే అది ఫ్లాంజర్ సుడిలా కాకుండా ఇద్దరు వాయిస్తున్నట్టు ఉంటుంది. ‘‘అడుగున ఏదో డబుల్ డబుల్‌గా ఉంది మామా’’ అని మావాడు మొదట్లోనే అన్నాడు. ‘‘అది స్టయిల్’’ అన్నాను నేను!

మర్నాడు బస్సెక్కి వెళ్లి 47 తెచ్చాను. దాని ఖరీదు కంటే బస్ టికెట్టే ఎక్కువ. కీ... ఆగిపోయింది. సుడి కూడా మొదటిసారి అసలైన సుడిలా తిరిగింది.

4. ష్‌ష్... (పూర్తిగా పోనిది)

ఇది వాన చప్పుడు. తట్టలు చేతులు మారేటప్పుడు కాస్త కాస్త ఒలుకుతుంది కదా, 1024 మెట్లలో ఒలికినదంతా కలిస్తే ఈ ‘ష్‌ష్’. బకెట్ బ్రిగేడ్ చిప్ ఉన్నంతకాలం కొంత ఉంటుంది.

కానీ నాది ‘కొంత’ కాదు. కారణం, బయాస్ ట్రిమ్మర్. ప్రతి తట్టా సగం నిండి ఉంటేనే సిగ్నల్‌కి పైకీ కిందికీ సమానంగా చోటుంటుంది. దాన్ని సరిచేసే చిన్న స్క్రూ ఉంటుంది. నేను నడిమధ్యన పెట్టి... అవును, అదే మాట అని వదిలేశాను. తట్ట సరిగా లేనప్పుడు కాస్త గట్టిగా వాయించినా శబ్దం చిరిగిపోతుంది. అలా చిరగకూడదని సిగ్నల్ తగ్గించి పంపాను. సిగ్నల్ చిన్నదైతే దాని పక్కన ష్‌ష్ పెద్దదిగా కనిపిస్తుంది.

ఈసారి ఒకే తీగ గట్టిగా మీటుతూ, చిరుగు అతి తక్కువగా ఉండే చోటు దొరికేదాకా ట్రిమ్మర్‌ని వెంట్రుక వాసి చొప్పున తిప్పాను. చోటు దొరికాక, చిప్‌లోకి వెళ్లే ముందు సిగ్నల్ పెంచి, బయటికి వచ్చాక అంతే తగ్గించాను. ష్‌ష్ బాగా వెనక్కి వెళ్లింది. రెజొనెన్స్ నాబ్ పెంచితే మాత్రం మళ్లీ ముందుకొస్తుంది. ఆ నాబ్ చేసేదే బయటికొచ్చిన శబ్దాన్ని తిరిగి లోపలికి పంపడం. ష్‌ష్ కూడా దాంతో పాటే చక్కర్లు కొడుతుంది.

దాచుకోండి: విన్నదాన్ని బట్టి వెతికే చోటు

• బ్యాటరీ పెడితే తగ్గింది: అడాప్టర్.
• చెయ్యి దగ్గరికి పెడితే మారింది: పెట్టె, గ్రౌండ్ కలపడం.
• రేట్ నాబ్‌తో వేగం మారింది: ఎల్ఎఫ్ఓ పవర్, గ్రౌండ్ దారి.
• సుడితో పాటు సన్నగా కూస్తోంది: క్లాక్, దాని కెపాసిటర్.
• వానలా స్థిరంగా ఉంది: బయాస్, సిగ్నల్ లెవెల్.
• 9 వోల్టుల పెడల్ వరకే ఈ ప్రయోగాలు. గోడ ప్లగ్గుకి తగిలించే ఆంప్‌ని మాత్రం తెరవకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లు షాక్ కొట్టగలవు.

మళ్లీ వాడి గదిలో

ఆదివారం పొద్దున్నే ఫోన్ చేయకుండానే వాడింటికి వెళ్లాను. లోపలికి వెళ్లగానే ముందు ఫ్యాన్ ఆపాను. వాడు వింతగా చూశాడు. పెడల్ తగిలించి, రేట్ నాబ్ అడుగుకు తిప్పి, గిటార్ వాల్యూమ్ సున్నా పెట్టి, ‘‘విను’’ అన్నాను. ఇద్దరం టిక్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. రాలేదు.

వాడు కనిపెట్టేలోపే నేనే చెప్పాను. ‘‘సన్నగా ష్‌ష్ ఉంటుంది మామా. అది నాకు పోదు. పాట మధ్యలో గ్యాప్ ఉంటే పెడల్ ఆఫ్ చెయ్. ఆ రోజు ఆంప్ తప్పన్నాను కదా, తప్పు నాదే.’’

వాడు కాసేపు మాట్లాడలేదు. ‘‘ఇది ముందే చెప్పుంటే నాలుగో పాటకి వేరే ప్లాన్ చేసుకునేవాణ్ని కదరా’’ అన్నాడు. నాకు పడాల్సిన మాటే. రెండు గంటల స్టూడియో ఖర్చు నేను పెట్టుకున్నాను. నాలుగో పాట అయింది. గ్యాప్ వచ్చినచోట వాడు కాలితో పెడల్ ఆఫ్ చేశాడు. ఇంజినీర్ ఈసారి చెయ్యెత్తలేదు.

బయటికొచ్చాక మా బాస్ వాయించేవాడు స్టీలు డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, ‘‘నాకూ ఒకటి చెయ్ మామా, వచ్చే వారానికి’’ అన్నాడు.

‘‘మూడు వారాలు పడుతుంది’’ అన్నాను.

‘‘ఎందుకంత?’’

‘‘47 పికో తెచ్చుకోవాలి. ఫ్యాన్ ఆపుకుని వినాలి. అమ్మని ఇంకో డబ్బా అడగాలి.’’